తాయారు దండెం

పాత పోస్టాఫీసు వెనక సందులో తాయారు రోజూ పొద్దున్నే బట్టలుతికి దండెం మీద ఆరేసేది. ఆ బట్టలు ఇవాళ్టి గాలికి కాదు, రేపటి గాలికి ఊగేవి. ఎవరి బట్ట అయితే వాళ్లకి రేపు తగలబోయే గాలికి. సందులో అందరికీ తెలిసిన సంగతే. సముద్రం మీదికి వేటకెళ్లే మొగుడి లుంగీ పట్టుకుని యారాడ నుంచి చిలకమ్మ బస్సెక్కి వచ్చేది, "ఒక్కపాలి ఆరెయ్యి తల్లీ" అని. తాయారు మావగారు పోయే ముందురోజు ఆయన పంచె అసలు కదల్లేదు.

ఇక తాయారు మొగుడు వరహాలు సంగతి. పోర్టులో క్రేను నడుపుతాడు. ఎనభై మూడులో ఓడ దిగిన దొర ఒకడు రుషికొండ దగ్గర పలక మీద నిలబడి, దానికే కట్టిన తెరచాప పట్టుకుని నీళ్లమీద ఉరకలెత్తించాడు. అది చూసిన దగ్గర్నుంచీ ఈయనకి అన్నం సయించలేదు. నాలుగు నెలలు తిరిగి ప్లైవుడ్డు పలక చేయించాడు. కోటవీధి టైలరు లతీఫ్ గుడారం గుడ్డతో తెరచాప కుట్టాడు. ఎండలు ముదరకముందే, ఫాల్గుణం తొలి ఆదివారం, రుషికొండ ప్రయాణం. లారీ మాట్లాడారు, పులిహోరకి చింతపండు నానేశారు. వరహాలుకి ఈత అంతంతమాత్రం అన్న ముక్క మాత్రం ఎవరూ ఎత్తలేదు.

శనివారం సందులో ఆకు కదలడం లేదు. దండెం మీద మాత్రం తాయారు చీర, పిల్లల గౌన్లు సముద్రం వైపు రెపరెపలాడుతున్నాయి. పడమటి గాలి, ఒడ్డు నుంచి సముద్రంలోకి తోసేసే గాలి. వాటి మధ్య వరహాలు ఖాకీ చొక్కా మేకుకి తగిలించినట్టు వేలాడుతోంది. తాయారు మొగుణ్ణి పిలిచింది.

"మావా, రేపెల్లకు. నీ సొక్కా సూడు."

వరహాలు చూశాడు. మొహం తిప్పుకున్నాడు.

"తడారనేదేమో."

"మిగతావన్నీ ఆరినాయి కదేటి?"

"పోర్టంతా సెప్పేసినాను తాయారూ. ఇప్పుడెల్లనంటే మొకం ఎక్కడెట్టుకోను?"

అతనికీ భయమే. నలుగురూ నవ్వుతారంటే ఇంకా భయం. మగాళ్ల తెలివి అంతే మరి!

తాయారు కత్తెర తీసింది. చెయ్యి రాలేదు. కుట్టిన దగ్గర్నుంచీ ఆ తెరచాపని తలకింద పెట్టుకునే పడుకుంటున్నాడు మనిషి.

"సరే, కొత్త గుడ్డ. పసుపెట్టకుండా వాడతావేటి? తడిపి ఆరేసి ఇత్తాను."

దానికి వరహాలు కాదనలేకపోయాడు. పసుపు పెట్టకుండా కొత్తబట్ట తొడిగే ఇల్లు కాదది.

తాయారు తెరచాప తడిపి, నాలుగు మూలలా పసుపు పెట్టి, చొక్కా పక్కనే వేసింది. క్లిప్పులు పెట్టలేదు. ముడీ వెయ్యలేదు.

చొక్కా మనిషిది. తెరచాప గాలిది. రేపటి గాలి వచ్చి దాన్ని పట్టుకుంది. దండెం వంగింది, గుంజ కిర్రుమంది, తెరచాప ఉబ్బి లేచి పక్కింటి నూకాలు ఇంటి పెంకుల మీంచి సముద్రం వైపు పోయింది. లారీ కబురు చెప్పడానికి అప్పుడే వచ్చిన లతీఫ్ మెడలో టేపుతో నోరెళ్లబెట్టాడు.

"లారీవోడికి ఏటి సెప్పాల బావా?"

వరహాలు ఆకాశం వైపు చూస్తున్నాడు, తాయారు చొక్కా వైపు చూస్తోంది. చాలాసేపు చొక్కా కదల్లేదు. ఆ తర్వాత దాని కుడిచెయ్యి కొంచెం కదిలింది. ఎడమచెయ్యి కదిలింది. కాసేపటికి పిల్లల గౌన్ల పక్కన చొక్కా కూడా ఊగడం మొదలుపెట్టింది.

తాయారు దండెం కిందే కూలబడి భోరుమని ఏడ్చింది. వరహాలు వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఆ ఊగే చొక్కా చెయ్యి వాళ్లిద్దరి నెత్తిమీదా తగులుతూనే ఉంది.