ఎక్కడి నెత్తురు

జ్యోతిరాణికి ఎనిమిదో నెల. రుద్రూర్‌లో వాళ్లింటి వెనక, చెరుకు తోటకు ఆనుకుని మరుగుదొడ్డి. అందులోకి వెళ్లాలంటే ఆమెకు ఏడుపొచ్చేది. ముక్కి ముక్కి లేచేసరికి ఎర్రటి నెత్తురు. ఎవరితో చెప్పుకుంటుంది? బిడ్డ కడుపులో తన్నిన ప్రతిసారీ మొగుడు మధుకర్‌తో ముచ్చట పెట్టేది గానీ, ఈ మాట నోట ఎట్లా వస్తుంది? లంగాలు తానే ఉతుక్కుంది. రక్తం పట్టడానికి ఇచ్చిన మాత్రలు మింగితే మలం ఇంకా గట్టిపడుతోందని, వాటిని బియ్యం డబ్బా వెనక దాచేసింది. నెత్తురు పోతున్న మనిషి రక్తం మాత్రలు మానేసింది, సిగ్గు నేర్పిన తెలివి అది.

ఒకరోజు ఉతకని లంగా అత్త నాగవ్వ కంట పడనే పడింది.

"ఓయమ్మో, నెత్తురు! మధూ, ఆటో తీస్కరా! ముందలికెళ్లేనా బిడ్డా?"

జ్యోతిరాణి తలూపింది. వెనక నుంచి అని చెప్పడం కంటే ఆ అబద్ధమే మర్యాదగా తోచింది.

ఆటోలో నాగవ్వ ఎప్పటిలాగే కింద దుప్పటి మడత వేసుకుని ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. చేయి మాత్రం కోడలి కడుపు మీదే ఉంది. దారి పొడవునా దేవుళ్లకు మొక్కుతూనే ఉంది.

బోధన్ ఆస్పత్రిలో డాక్టర్ రుఖయ్యా స్కానింగ్ చేసింది. "బిడ్డ మంచిగనే ఉన్నది. మరి నెత్తురు ఎందుకు పోతుందో తెలుస్తలేదు. ఇట్లనే పోతే ఆపరేషన్ చేసి బిడ్డను ముందే తియ్యాల్సొస్తది."

జ్యోతిరాణి తలుపు వైపు చూసింది. సందులోంచి వరండా కనిపిస్తోంది. మధుకర్, అతని దోస్తు అసద్ రక్తమివ్వడానికి చొక్కా చేతులు మడుస్తున్నారు. నాగవ్వ నర్సును పట్టుకుని ఏడుస్తోంది. "నాది తీస్కోన్రి అమ్మా, ఎంత కావాల్నంటే గంత తీస్కోన్రి."

జ్యోతిరాణికి తల కొట్టేసినట్టయింది. తన సిగ్గు కోసం, నెలలు నిండని బిడ్డను కడుపు కోసి తీస్తారా!

"మేడం, అబద్ధం చెప్పిన," అంది గోడ వైపు తిరిగి. "ముందలికెళ్లి కాదు. దొడ్డికి పోయినప్పుడు వస్తది. గట్టిగైతుందని రక్తం మాత్రలు గూడ మానేసిన."

డాక్టర్ ఆమెను బల్ల మీద పక్కకు తిప్పి, తెర లాగి పరీక్ష చేసింది. "మొలలు. కడుపుల బిడ్డ బరువు పడ్తది, మలం గట్టిపడ్తది. చానామందికైతది. మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు, నెత్తురు తక్కువైతది. దొడ్డికి సాఫ్‌గ అయ్యే మందు రాస్త. నీళ్లు మస్తు తాగు, ఆకుకూరలు తిను, దొడ్డికి కూసున్నప్పుడు ముక్కకు. టబ్బుల గోరువెచ్చని నీళ్లు పోసుకొని కూసో. ఈ మలాం రాసుకో. నెత్తురు ఎక్కువైనా, కండ్లు తిరిగినా, ముందలికెళ్లి ఒక్క చుక్క కనపడ్డా వెంటనే రా. ఇంట్లోళ్లకు నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త."

నాగవ్వను లోపలికి పిలిచారు. జ్యోతిరాణి తల వంచుకునే అంతా చెప్పింది. తిట్లు పడతాయనుకుంది. నాగవ్వ వెళ్లి తలుపు మూసి, స్టూలు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

"మేడం, గా మలాం ఇంకోటి రాయిన్రి."

"ఎవరికి?"

నాగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మధు కడుపుల ఉన్నప్పటి సంది... నాకూ గంతే."

జ్యోతిరాణి ఆ ఒరిగిన నడుము వైపు చూసింది. పెళ్లయిన నాటి నుంచీ చూస్తూనే ఉంది. ఒక్కనాడైనా ఎందుకని అడగలేదు.

"చూడకుంట మందు రాయనవ్వా," అంది డాక్టర్. "ఇన్నేండ్ల సంది నెత్తురు పోతుంటే, అది మొలలేనని నేనెట్ల అనుకోవాలె? పండుకో."

"వద్దు మేడం, బయట కొడుకున్నడు," అంటూ నాగవ్వ లేచి తలుపు వైపు నడిచింది.

జ్యోతిరాణి కడుపు పట్టుకుని బల్ల దిగి, అత్త చేయి పట్టుకుని ఆపింది. రెండో చేత్తో తెర లాగింది.

"ఉండనియ్ అత్తమ్మా. నేను పండుకున్న గదా. నువ్వూ పండుకో."