పౌండు మింగేసిన ఔన్సులు

అల్లుడు బిడ్డను ఎత్తుకుని బరువు చూసే మిషను ఎక్కాడు. బిడ్డను మంచం మీద పెట్టి, నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కాడు. మొదటి అంకెలోంచి రెండోది తీసేశాడు. వారం రోజులుగా వస్తున్న ఆ నాలుగు పౌండ్లే వచ్చాయి.

"నా పాలు వాడికి చాలడం లేదమ్మా. రేపట్నుంచి డబ్బా పాలే. ఇక నా వల్ల కాదు," అంది కూతురు.

తల్లిపాలు మాన్పించవద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. నెలలు నిండకుండా పుట్టిన మనవణ్ణి చూసి అమ్మమ్మకు దిగులు కలగలేదు. ఆ మిషను గాజుపలకను చూస్తే మాత్రం ఒళ్ళు మండింది. పౌండ్లు తప్ప ఔన్సుల ఊసెరగని యంత్రమది. నాలుగుకూ అయిదుకూ నడుమ బిడ్డ ఎంత పెరిగినా గుటుక్కున మింగి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

"అల్లుడుగారూ, మీరు ఇందాక తాగిన చెంబెడు నీళ్ళూ వాడి ఖాతాలోంచే పోయాయి."

"చెంబెడు కాదత్తయ్యగారూ, గ్లాసుడే," అన్నాడతను బుద్ధిగా.

అటక మీంచి త్రాసు దిగింది. తను పనిచేసిన ఉన్ని దుకాణం మూసేసిన నాడు ఆవిడ అడిగి తెచ్చుకున్నది అదొక్కటే. మిల్లు నుంచి ఉన్ని పౌండ్ల లెక్కన మూటలుగా వచ్చేది. కొనేవాళ్ళకు ఔన్సుల్లో కావాలి, మేజోళ్ళకు నాలుగు, శాలువాకు పన్నెండు. పౌండుకు పదహారు ఔన్సులు కనక పదహారో ఎక్కం ఆవిడ నాలుక చివరే కాపురముండేది. తడి ఉన్ని వాసన, కిటికీ అద్దం మీద ఆవిరి, వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో ఊదారంగు ఉండల పక్కన ఈ కూతుర్నే పడుకోబెట్టి తూచిన మధ్యాహ్నాలు. "ఈ రకం ఔన్సు ఎంతకిస్తావమ్మా?" అని పిల్లను చూపించి కొనేవాళ్ళు వేళాకోళమాడేవారు. వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు.

బిడ్డ కింద పరిచిన గుడ్డకు సరితూగే గుడ్డ అవతలి పళ్ళెంలో వేసి, ఆవిడ నాలుగు పౌండు రాళ్ళూ రెండు ఔన్సు రాళ్ళూ పేర్చింది.

"నాలుగు పదహార్లు అరవై నాలుగు, పైన రెండు. అరవై ఆరు."

"నిన్న ఎంతో తెలియనప్పుడు అరవై ఆరైతేనేం, ఆరైతేనేం?"

"తెలియదు కనకే రెండు రోజులాగు. అంతవరకూ నీ పాలే పట్టు."

మర్నాడూ అరవై ఆరే. కూతురి చూపంతా తల్లి పెదవుల మీదే ఉంది. చిటికెన వేలు పళ్ళేనికి ఆనిస్తే చాలు, ఔన్సు పుట్టుకొస్తుంది. దుకాణంలో అలా తూచినవాళ్ళను ఆవిడ జన్మలో క్షమించలేదు.

"అరవై ఆరు," అంది.

కూతురు ఏడ్చింది. ఏడుస్తూనే పాలిచ్చింది.

మూడో రోజు తల్లిని పక్కకు జరగమని రాళ్ళు తనే పేర్చింది. అరవై ఆరుకు త్రాసు తూగలేదు. బిడ్డ ఉన్న పళ్ళెం కిందికే ఉండిపోయింది. ఇంకో ఔన్సు రాయి వేసింది. ముల్లు నిటారుగా నిలిచింది.

"అరవై ఏడు! అమ్మా, నువ్వు తాకలేదుగా?"

"చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను కదే!"

"నేనూ ఒకసారి మిషనెక్కి..." అనబోయిన అల్లుడు ఇద్దరి చూపులూ చూసి దాన్ని మంచం కిందికి తోసేశాడు.

కూతురు బిడ్డను ఒళ్ళోకి తీసుకుని రొమ్ముకు ఆనించుకుంది. "తినడానికేమన్నా ఉందా అమ్మా? ఆకలేస్తోంది."

ఇన్ని రోజుల్లో ఆమె నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు. అమ్మమ్మ త్రాసు సర్దకుండానే వంటింట్లోకి నడిచింది.