ముక్కు దగ్గరి పంతం

మునిరామయ్య ఎడమ ముక్కు మూసి, కుడి ముక్కుతో గాలి పీల్చి, మెల్లగా ఒక కన్ను తెరిచి చూసినాడు. మనసు నిలిచిందా లేదా అని. నిలవలేదు.

ఐరాలలో ఇన్నేండ్లూ బెల్లం వండిన మనిషి. పెద్ద పెనంలో చెరుకు పాకం ఉడుకుతుంటే చుక్క తీసి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి, ఉండ కట్టిందా అని చూడడమే ఆయన బతుకు. ఊపిరి దగ్గరా అదే యవ్వారం. కాసేపు పీల్చేది, కుదిరిందా అని చూసేది. కుదరలేదని బుస్సుబుస్సున గాలి కొట్టే పద్ధతికి మారేది. అదీ కుదరకుంటే మళ్లీ ముక్కు మూసేది.

ఎదురుగా మునెమ్మ గోడకానుకుని కదలకుండా కూర్చుని ఉంది. వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ ఊరికే గమనించడమే ఆమె పద్ధతి. మొగుడూ పెండ్లామూ ఒకటేసారి చంద్రగిరిలో ధ్యానం నేర్పే కమలినమ్మ దగ్గర చేరినారు. ఏదో ఒక పద్ధతిలో నిలబడితేనే మంత్రం ఇస్తానని ఆమె కట్టడి. పోయిన పున్నమికి మునెమ్మకు మంత్రం దొరికింది, ఈయనకు దొరకలేదు. దొరికినది ఇంకొకరికి చెప్పకూడదు. తన ఇంట్లో, తన పెండ్లాం నోట్లో, తనకు తెలీని మాట ఒకటుందంటే మునిరామయ్యకు ముద్ద దిగడంలేదు.

"మే, మొదటి అక్షరమన్నా చెప్పరాదా?"

"ఈ పొద్దు పున్నమే కదయ్యా. పోయి నువ్వే అడుక్కో."

"సూడు, దీనికెంత టెక్కో!"

మధ్యాహ్నం చంద్రగిరికి పోయినారు. కమలినమ్మ టీచరుగా చేసి రిటైరైన మనిషి. బడిలో పాఠం అప్పజెప్పమన్నట్టే అడిగింది.

"ఏ పద్ధతి ఎంచుకున్నారు మునిరామయ్యగారూ?"

"అన్నీ పట్టి సూస్తా ఉండానమ్మా. ఏదీ ముదరడంలేదు."

"అయితే వచ్చే పున్నమికి చూద్దాం."

ఆయనకు ఒళ్లు మండింది. "అట్లయితే బుస్సు కొట్టేదే నాది!" అని ఆడికాడే నడుం బిగించి మొదలుపెట్టినాడు. చెరుకుపిప్పి మంట ముందర పొగ మింగిన రొమ్ము అది. కాసేపటికే దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కండ్లలో నీళ్లు తిరిగినాయి. మునెమ్మ వీపు రుద్దింది.

"ఇది మీ రొమ్ముకు పడదని మొదటిరోజే చెప్పినాను కదండీ," అంది కమలినమ్మ.

చెప్పింది నిజమే. గట్టిగా ఉండేదే మంచిదనుకుని ఈయనే వినలేదు.

"పోనీ, ముక్కు మూసేది?"

"అందులో చేతికి పని ఉంది. మీ ధ్యాసంతా ఆ పని మీదికే పోతుంది. ఊరికే గమనించే పద్ధతిలో కూర్చోండి."

"ఆడోళ్లు చేసేదా? దాంట్లో ఏం పనే లేదు కదమ్మా!"

"అందుకే చెబుతున్నా."

బస్టాండులో మునిరామయ్య పెండ్లాం పక్కకు తిరిగినాడు. గసిరినట్టు అన్నాడు: "రేపట్నించి నువ్వు కొట్టంలో కూర్చో. నీ మొగం ఎదురుగా ఉంటే నాకు కుదర్దు."

"కండ్లు మూసుకుంటే నా మొగం యాడ కనిపిస్తాదయ్యా?"

బస్సు వచ్చింది. ఆమెకు దూరంగా, వెనక సీట్లో పోయి కూర్చున్నాడు. కండ్లు గట్టిగా మూసుకున్నాడు. ఊపిరి చల్లగా వస్తా ఉంది, వెచ్చగా పోతా ఉంది. దాన్నే కోపంగా చూసుకుంటా కూర్చున్నాడు.