సదానందం గొంతు తగ్గింది

సదానందం ఫోనులో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టిన రోజే జమునకు అనుమానం పుట్టింది.

వాళ్ళు బతకడానికి వచ్చిన భేస్తాన్‌లో సాంచాలు నడిపే మగవాళ్ళెవరూ మెల్లగా మాట్లాడరు. పన్నెండు గంటలు ఆ మరమగ్గాల మోతలో నిలబడితే చెవులు సగమవుతాయి, నోరు రెండింతలవుతుంది. సదానందం ఉప్పు అడిగితే మూడో గదిలోవాళ్ళు కూడా ఉప్పు డబ్బా వైపు చూసేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా అతనికి వినబడేలా అరిచి అరిచి జమున గొంతూ అలాగే తయారైంది. వాళ్ళు ముచ్చట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు కొట్లాట అనుకునేవాళ్ళు.

కరోనా వచ్చి సాంచాలు ఆగిపోయాయి. బియ్యం అడుగంటాక, సాపుతారా కొండమీద మూతపడ్డ లాడ్జికి కాపలా మనిషి కావాలని తెలిసిన డ్రైవరొకడు చెబితే సదానందం వెళ్ళాడు. జమున చీరలకు రాళ్ళు అంటించే పని చేసుకుంటూ ఇక్కడే ఉండిపోయింది. మొదటి వారం ఫోనులో అరిచాడు. నెల తిరిగేసరికి గొంతు తగ్గింది. పైగా మాటల్లో ఏదో మురిపెం. పొద్దున్నే మబ్బు కిటికీలోంచి గదిలోకి వస్తుందట. నిమ్మగడ్డి వేసిన చాయ్ తాగుతాడట. చెరువు దగ్గర ఒకామె రాగిరొట్టెలు కాల్చి, పచ్చిమిర్చి నూరి పెడుతుందట. మిట్టమధ్యాహ్నం కూడా దుప్పటి కప్పుకుంటాడట.

రొట్టెలామె దగ్గర జమున చెవి ఆగిపోయింది. పక్కగది లింగవ్వకు చెప్పుకుంటే ఆ మహాతల్లి ఒక్కమాటలో తేల్చేసింది.

"మొగోడు గొంతు తగ్గించిండంటే పక్కన ఎవ్వలో ఉన్నట్టే, పిల్లా."

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. జమునకు అన్నం సయించలేదు. ఫోన్ చేసి, తను మాట్లాడకుండా, అవతల గాజుల చప్పుడు కోసం చెవి రిక్కించేది. ఒకసారి గలగలమని వినబడింది. వాన అన్నాడు సదానందం. ఆమె నమ్మలేదు.

సెప్టెంబరులో సాంచాలు మళ్ళీ కదిలాయి. సదానందం ఫోను అందక సేటు జమునకే చేశాడు. సోమవారానికి మనిషి రావాలి, లేకపోతే అతని సాంచాలు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. మొగుణ్ణి తెచ్చుకోవచ్చు, దాన్నీ పట్టుకోవచ్చు అనుకుని, చెప్పాపెట్టకుండా మూతికి గుడ్డ కట్టుకుని జమున బస్సెక్కింది.

లాడ్జిలో అతను లేడు. అనుకున్నంతా అయిందని చెరువు దగ్గరికి ఉరికింది. రొట్టెలామె మొగుడూ పిల్లలతో పొయ్యి చుట్టూ కూర్చుని ఉంది. సదానందం వాళ్ళకు దూరంగా, గట్టుమీద ఒంటరిగా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. జమున "ఏమయ్యా" అని ఒక్క కేక పెట్టింది. అతను ఉలిక్కిపడి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆమెను చూసి నవ్వాడు.

"మెల్లగ అను, జమునా. నాకు ఇనవడుతుంది."

ఆమె ఆగలేదు. గదికి పోయి మంచం కింద చూసింది, దిండు వాసన చూసింది. ఒక కప్పు, ఒక పళ్ళెం, ఒక దుప్పటి. ఆడదాని జాడే లేదు. ఊపిరి పీల్చుకోవలసింది పోయి జమునకు ఒళ్ళు మండిపోయింది. ఆడదైతే కొప్పు పట్టి ఈడ్చేది. మబ్బుకు కొప్పెక్కడుంది? తను లేకుండానే ఈ మనిషి ఇంత సుఖంగా ఉన్నాడని ఏడుపొచ్చింది, ఏడ్చింది. వెనకే వచ్చిన సదానందం ఆ దుప్పటి తీసి ఆమె భుజాల మీద కప్పాడు. కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

"సేటు ఏమన్న ఫోన్ చేసిండా?"

ఆ మోతలోకి మళ్ళీ పిలిచాడంటుందేమోనని అతను ఎంత భయపడ్డాడో జమునకు తెలిసిపోయింది. ఈ కొండమీద తనకు రాళ్ళ పని దొరకదు. అదీ తెలుసు.

"చెయ్యలే. నీ సాంచాలు వేరెటోనికి ఇచ్చిండట," అంది.

ఈ ఇరవై ఏళ్ళలో జమున మాటను సదానందం ఒక్కసారైనా అనుమానించి ఎరగడు. ఆ రోజూ అనుమానించలేదు.