పల్లకీ నడక

"మామూలుగా నడవండి పెద్దాయనా" అంది డాక్టరమ్మ. నడిచాను. ఆమె ముఖం చిట్లించి కాగితం మీద ఏదో రాసుకుంది. తిరుపతి ఆసుపత్రిలో ఆ గది పట్టుమని పది అడుగులు లేదు, అంతలోనే నా నడకకు వంక పెట్టేసింది!

తోడొచ్చిన వాసుదేవ్‌కు నవ్వాగలేదు. "అది జబ్బు గాదమ్మా. మా బావ ఇరవై రెండేండ్లుగా స్వామి పల్లకీ మోస్తా ఉండాడు. నడవమంటే ఆ నడకే వస్తాది" అన్నాడు.

నిజమే. కార్వేటినగరం పక్కన మా ఊరి గుడిలో పల్లకీ బొంగుకు ముందు వాసుదేవ్, వెనక నేను. మోకాళ్లు కాస్త వంచి, అటూ ఇటూ ఊగుతూ అడుగేస్తాం. స్వామికి కుదుపు తగలకూడదు. ఆరు నెలలుగా నా పాదాల కింద దూది పరిచినట్టుంది. పోయిన నెల అడుగు తడబడి పల్లకీ ఒక పక్కకు ఒరిగింది. "ఏమయ్యా శఠగోపం, డాక్టరు చీటీ తెస్తేనే నువ్వు మళ్లీ భుజం పెట్టేది" అని ధర్మకర్త రాజారత్నం ఊరందరి ముందూ అన్నాడు. బ్రహ్మోత్సవం ఇంకా పదకొండు రోజులుంది. ఆ చీటీ కోసమే బస్సెక్కి వచ్చాను.

డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, బొటనవేలు పట్టుకుంది.

"పైకి వంచానా, కిందికా?"

నాకు వేలున్నట్టే తెలియలేదు. పైకన్నాను, కిందికన్నాను, నోటికొచ్చినట్టు. తర్వాత మోగే ఇనపకడ్డీ ఒకటి చీలమండకు ఆనించి, అదురుతోందా అంది. మోత చెవికి తెలిసింది గానీ కాలికి తెలియలేదు. అయినా అదురుతోందన్నాను. ఇంకోసారి ఆనించింది.

"ఇప్పుడు?"

"బాగా అదురుతా ఉండాదమ్మా."

"ఈసారి నేను దాన్ని మోగించలేదండీ" అంది మెల్లగా. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి పాదాలు దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని నిలబడమంది. ఇదీ ఒక పరీక్షేనా అనుకున్నాను. కళ్లు మూశానో లేదో, నేల మాయమైంది. వాసుదేవ్ చంకల కింద చేతులు వేసి పట్టుకోకపోతే పడిపోయేవాణ్ణి.

"షుగర్ మీ పాదాల నరాలను దెబ్బతీసింది. నేలను కళ్లతో చూసుకుంటూ నెట్టుకొస్తున్నారు. పల్లకీ మోసేటప్పుడు కాళ్లవైపు చూసుకోగలరా?"

బొంగు మెడకు ఆనితే తల వంగదు. చూసుకోగలనని అబద్ధం చెబుదామనుకున్నాను గానీ, చూసుకోలేనని నిజమే చెప్పాను. ఆమె మందులు రాసిచ్చింది. చీటీ ఇవ్వలేదు.

బ్రహ్మోత్సవం నాడు మా ఇంటి ముందు పల్లకీ ఆగింది. నా చోట వాసుదేవ్ తమ్ముడున్నాడు. నా భార్య కోమలవల్లి హారతి పళ్లెంతో నా పక్కకొచ్చి నిలబడింది.

"ఇన్నేండ్లు మోసినారు గానీ, ఎదురుగా నిలబడి స్వామి మొగం ఎప్పుడన్నా చూసినారా? ఇప్పుడు కండ్లారా చూసుకోండి" అంది.

చూశాను. ఎంత అందంగా ఉన్నాడో! దుఃఖం పొంగుకొచ్చింది.

"నాకు మొగం వద్దు, కోమలా" అన్నాను. "ఆయన బరువు కావాల."