ఎర్రబండ నుంచి తొమ్మిది అడుగులు

మా ఊరి ఈతకొలనులో నియమం ఒకటే. ఒంటిమీద నూలుపోగు లేకుండా సబ్బు రాసుకుని స్నానం చేశాకే నీళ్ళలో దిగాలి. దేశాధ్యక్షుడైనా సరే. ఇరవై రెండేళ్ళుగా టికెట్ల కిటికీలో కూర్చుని నేను చేస్తున్న ఘనకార్యం ఏమిటంటే, పొడిజుట్టుతో బయటికొచ్చేవాళ్ళని పట్టుకుని వెనక్కి తోలడం. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు ఈ ఉత్తరాది ఐస్‌లాండ్‌లో లేరు.

ఆ జూన్ బుధవారం పొద్దున అలాగే దొరికిపోయాడు లెస్టర్. ఆరున్నర అడుగుల మనిషి, అరవై దాటినవాడు. జుట్టు పొడిగా ఉంది. భుజం మీద వేసుకున్న చొక్కాకి కొమ్ముల టోపీ పెట్టుకున్న వైకింగ్ బొమ్మ. ఇంకేం, పైదేశం వాడు.

"సబ్బు!" అని ఇంగ్లీషులో కేకేశాను.

"నా మతి మండిపోనూ! నీళ్ళు చూడంగానే ఒళ్ళు తెలీలేదమ్మణ్ణీ," అన్నాడు అచ్చం మా భాషలో. "నీకు పుణ్యముంటుంది, ఆ సబ్బు ఎక్కడ పెట్టారో కాస్త చెబుదూ."

ఆ మాటలు మా అమ్మమ్మవి. ఆవిడ పోయాక మళ్ళీ ఎవరి నోటా వినలేదు. ఇన్నాళ్ళకి, బొచ్చు ఛాతీ ఉన్న మగవాడి నోట వినడం! నవ్వాలో ఏడవాలో తెలీక వేలితో స్నానాల గది చూపించాను.

సంగతేమిటంటే, కెనడాలో మానిటోబా అని ఒక చోటుంది. ఇక్కడ చలికీ కరువుకీ తట్టుకోలేక వెనకటికి మావాళ్ళు బోలెడుమంది ఓడెక్కి అక్కడికి పోయారు. పోతూ పట్టుకెళ్ళిన భాషని పట్టుకెళ్ళినట్టే దాచుకున్నారు. లెస్టర్ దాన్ని తల్లి దగ్గర నేర్చుకున్నాడు, ఆ తల్లి తన అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. అందుకే నోరు విప్పితే ముసలమ్మే.

మా ఆయన గ్రీముర్ రోజూ పొద్దున ఏడింటికల్లా వేడినీళ్ళ తొట్టిలో ఉంటాడు. కొత్తమనిషి దొరికితే వాడి పని అయినట్టే.

"ఏమయ్యా, ఆ చొక్కా మీద కొమ్ములేమిటి? మా దగ్గర కొమ్ములు పొట్టేళ్ళకే ఉంటాయే."

"వైకింగ్ రక్తం నాయనా," అన్నాడు లెస్టర్, తొట్టిలో ఒక కాలు పెట్టి, అబ్బా అని తీసేసుకుంటూ.

"మా తాతలు నార్వే రాజుతో పడక పారిపోయొచ్చిన రైతులు. దారి పొడుగునా కక్కుకుంటూ వచ్చుంటారు."

"అయ్యుండొచ్చు. నిన్న తిమింగలాలు చూపించే పడవలో నేను చేసిందీ అదే. వంశం పేరు నిలబెట్టాను."

గ్రీముర్‌కి మనిషి నచ్చేశాడు. ఇంతకీ మా ఊరికెందుకొచ్చావని అడిగాడు. కిటికీలోంచి వింటున్నాను నేను. వినడం నా ఉద్యోగంలో భాగం.

"మా అమ్మ వాళ్ళ అమ్మమ్మది ఈ ఊరే. వాల్‌గెర్ద్ ఆవిడ పేరు. ఆవిడకో రొట్టె గుంట ఉండేదంట. ఎర్రబండ నుంచి నీళ్ళకేసి తొమ్మిది అడుగులు. పిండి తెచ్చుకున్నాను. ఆ గుంటలో ఒక్క రొట్టె చేసుకుపోదామని."

నేను టికెట్ల కట్ట తీసి లెక్కపెట్టడం మొదలెట్టాను.

ఊరి చివర సరస్సు ఒడ్డున నల్ల ఇసుక. దాని అడుగున రాత్రింబవళ్ళు ఆవిరి ఉడుకుతూ ఉంటుంది. రై అనే ధాన్యం పిండీ మజ్జిగా పాకమూ కలిపి, గిన్నెకి మూత బిగించి పాతిపెడితే మర్నాడీపాటికి నల్లటి తియ్యటి రొట్టె తయారు. ఇంటికో గుంట. తల్లి తరవాత కూతురిది. అన్నిట్లోకీ మంచిది నాది. ఎక్కువా కాదు తక్కువా కాదు, అంత కుదురైన వేడి ఇంకే గుంటకీ లేదు. వేసవి తిరనాళ్ళలో నా రొట్టెకి పదకొండుసార్లు మొదటి బహుమతి వచ్చింది. మా వంశంలో అది మొదట్నించీ ఉందని ఊరంతా డప్పు కొట్టుకున్నదాన్ని నేనే.

నా గుంట ఎర్రబండ నుంచి తొమ్మిది అడుగులు.

మా అమ్మమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "హాల్‌బెరా, ఆ గుంట మనది కాదే. మా అమ్మ తురీద్‌కి వాల్‌గెర్ద్ అప్పగించి పోయింది. తనవాళ్ళెవరైనా వచ్చేదాకా చూస్తూ ఉండమంది. వస్తే ఇచ్చెయ్." సరే అమ్మమ్మా అన్నాను. నాకప్పుడు ముప్పై ఏళ్ళు. నూరేళ్ళ కింద పోయినవాళ్ళు ఇంకేం వస్తారులే అనుకున్నాను. గ్రీముర్‌కి కూడా చెప్పలేదు.

"మా ఆవిడ చూపిస్తుంది," అన్నాడు గ్రీముర్, మహా ఉదారంగా. "ఇందాకే తన గిన్నె పెట్టొచ్చింది. ఇసుక సంగతులు ఆవిడకి తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలీవు."

మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. లెస్టర్ ఎర్రబండకి వీపు ఆనించి నిలబడ్డాడు. చేతిలో గిన్నె, చంకలో పార, మొహం నిండా భక్తి. ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ నడిచాడు. ఆ కాళ్ళేమిటి తల్లీ! నా గుంట ఐదో అడుగుకే దాటేశాడు. తొమ్మిదో అడుగుకి బూట్లు నీళ్ళలో తడిశాయి.

"ఇంకో తొమ్మిది వేస్తే నార్వే చేరతావు," అన్నాడు గ్రీముర్.

"ఇదేనంటావా అమ్మణ్ణీ?" అని లెస్టర్ నన్నడిగాడు.

అక్కడ ఇసుకలోకి సరస్సు నీళ్ళు ఊరుతుంటాయి. రొట్టె కాదు కదా, గుడ్డు కూడా ఉడకదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ తొమ్మిది అడుగులూ మా అమ్మమ్మంత పొట్టి మనిషివని కూడా తెలుసు. చిన్నప్పటి నుంచీ ఆ లెక్కనే నడిచినదాన్ని.

"లెక్క నీదే కదా," అన్నాను. అతను అక్కడే తవ్వి గిన్నె పాతిపెట్టాడు.

అబద్ధమేమీ ఆడలేదు చూశారా. ఇంటికెళ్ళేదాకా అదే చెప్పుకున్నాను. కానీ రాత్రి భోజనం సయించలేదు. నాకు అరవై ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఊళ్ళో హాల్‌బెరా అంటే ఆ రొట్టే. ఆ గుంట కాస్తా పోతే మిగిలేది సబ్బు సబ్బు అని అరిచే మనిషి.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి తవ్వాడు. మూడింటికి అతని విమానం. మూత తీసి చూస్తే పిండి పెట్టినది పెట్టినట్టే ఉంది. పైన నీళ్ళు తేలాయి.

గ్రీముర్ తొంగిచూసి, "పోనీలే, గరిటెతో తాగొచ్చు," అన్నాడు.

లెస్టర్ పకపకా నవ్వాడు. "నా చేతులు పడిపోనూ! ఎక్కడో పొరపాటు చేశాను." నవ్వుతూనే ఇసుకలో చతికిలబడ్డాడు.

"మా అమ్మకి తొంభై రెండు," అన్నాడు చివరికి. "రెండు నెలల నుంచి సరిగా తినడం లేదు. ఏం కావాలమ్మా అంటే మా అమ్మమ్మ చెప్పిన గుంట రొట్టె అంటుంది. పొయ్యి మీద చేశాను, పొయ్యిలో చేశాను, ఎన్ని రకాలుగానో చేశాను. ముక్క కొరికి, ఇది కాదురా అంటుంది. కోప్పడదు. అది కాదు అంటుంది, అంతే. సరే, రొట్టె దివ్యంగా వచ్చింది, విమానంలో ఆకలేసి నేనే తినేశానని చెప్తాను. నన్ను తిట్టుకుంటే కాస్త ఓపికైనా వస్తుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగా చెప్తున్నాను, ఆ క్షణాన ఇసుక చీలి నన్ను మింగేసినా బాగుండును అనిపించింది.

"నీ కాళ్ళు పొడుగు లెస్టరూ," అన్నాను.

"ఆఁ?"

"లే. పార ఇలా ఇవ్వు."

ఎర్రబండకి వీపు ఆనించాను. మా అమ్మమ్మలాగా చిన్న చిన్న అడుగులేసుకుంటూ తొమ్మిది నడిచాను. అక్కడ నా రాయి, రాయి కింద నా గుంట. తవ్వి గిన్నె పైకి తీశాను. ఆవిరి మొహానికి కొట్టింది. మూత తీస్తే రొట్టె నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇదే మీ వాల్‌గెర్ద్ గుంట. మావాళ్ళకి చూస్తూ ఉండమని అప్పగించింది. నిన్ననే తెలుసు నాకు. తెలిసీ నోరు మూసుకున్నాను. మా తురీద్ ఇచ్చిన మాట నేను నిలబెట్టుకోలేదు. గుంట నీది, తీసుకో. రొట్టె కూడా తీసుకో, పిండి మాత్రం మాదే."

గ్రీముర్ నా వంక తిరిగాడు. "ముప్పై ఐదేళ్ళ కాపరం చేశాను," అన్నాడు. "దొంగ గుంట రొట్టెకా నేను ఇంత లావయ్యింది?"

"నువ్వూరుకో."

లెస్టర్ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని గుంట అంచులు చేత్తో తడుముతున్నాడు. ఎంత తిట్టినా పడదామని సిద్ధంగా ఉన్నాను.

"ఇది వాడకపోతే ఎన్నాళ్ళుంటుందమ్మణ్ణీ?"

"ఎన్నాళ్ళేమిటి, రెండు చలికాలాలకి ఇసుక పూడిపోతుంది. ఎక్కడుందో కూడా దొరకదు."

"అయితే నూట ముప్పై ఏళ్ళుగా మీవాళ్ళు చేసింది అదే కదా, చూస్తూ ఉండడం." కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ గుంట మానిటోబాకి ఎలా పట్టుకెళ్ళమంటావు, సంచిలో వేసుకునా? నీ దగ్గరే ఉండనీ. ఒక్క రోజు ఆలస్యంగా చెప్పావు, దానికో ముద్దు పెట్టు, సరిపోతుంది."

"ఇదిగో, ఇదిగో," అన్నాడు గ్రీముర్. బుగ్గ మీదే పెట్టాను. అంతెత్తు అందక అతనే వంగాల్సొచ్చింది.

రొట్టె వేడివేడిగానే తువ్వాలులో చుట్టి ఇచ్చాను. బూట్ల నిండా నల్ల ఇసుకతో విమానమెక్కాడు.

ఆదివారం ఫోను మోగింది. అవతల లెస్టర్. గొంతు అదోలా ఉంది. ఆలస్యమైపోయిందేమో, ఆ ఒక్క రోజూ నావల్లే పోయిందేమో అనుకుంటూ కుర్చీలో కూలబడ్డాను.

"అమ్మ తిన్నది," అన్నాడు. "వెన్న రాసి ఇస్తే రెండు ముక్కలు తిన్నది. ఇంకోటి పెట్టరా అంది. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది."

"ఏమన్నా అందా?"

అవతల కాస్త నసుగుడు. "అంది. ఉన్నదున్నట్టు చెప్పనా?"

"చెప్పవయ్యా!"

"గుంట అదేనంది. మా అమ్మమ్మ చెప్పిన వేడే, మా అమ్మమ్మ చెప్పిన వాసనే అంది. కానీ ఈ పిండి తురీద్ వాళ్ళదిరా, వాళ్ళ చేతికి తీపెక్కువ, మా అమ్మమ్మ ఎప్పుడూ అనేది అంది."

పదకొండు బహుమతులు! ఫోను పెట్టేసి భోరున ఏడ్చాను. ఎందుకని గ్రీముర్ అడిగితే, నా రొట్టెకి వంక పెట్టారని చెప్పాను.

ఆ గురువారం పాకం ఒక గరిటె తగ్గించి గిన్నె పెట్టాను. శుక్రవారం గ్రీముర్ ముక్క కొరికి మొహం చిట్లించాడు.

"ఇదేమిటే, చప్పగా ఉంది?"

"నోరు మూసుకుని తిను," అన్నాను. "గుంటగలవాళ్ళు చెప్పారు."