తలుపుకి ఇవతలి వైపు

“ఇంటికి తాళం పెట్టి రావడానికి నీకు ఇంతసేపా?” అంటారు మా ఆయన, కారులో కూర్చుని హారన్ కొడుతూ. పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లోంచి ఆఖరున బయటికొచ్చేది నేనే. గ్యాసు కట్టేసి, కుళాయిలు చూసి, కిటికీలు మూసి, తాళం లాగి చూసుకుని వచ్చేసరికి ఆయన ముఖం గంటు పెట్టుకుని ఉంటారు. మా అత్తగారైతే, “మా కోడలికి అనుమానం జబ్బు,” అని చుట్టాలకి చెప్పి నవ్వుతారు. ఆ జబ్బు లేకపోతే ఇల్లు ఏమయ్యేదో ఎవరూ అడగరు.

ఆఫీసులోనూ అదే వరస. నిప్పంటుకుంటే జనాన్ని బయటికి పంపే బాధ్యత అంతస్తుకొకరు తీసుకోవాలన్నప్పుడు మగవాళ్లందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. “మీరైతే ఓపిగ్గా చూసుకుంటారు మేడమ్,” అంటూ మేనేజరు ఒక పసుపు కోటు నా చేతిలో పెట్టాడు. జీతం పెరగలేదు గానీ పేరొకటి వచ్చింది, తలుపులక్క అని. నడవ మధ్యలో ఉన్న బరువైన తలుపు మూసుకోకుండా వాళ్లు గాలి కోసం కుర్చీ అడ్డం పెట్టేవాళ్లు. నేను కుర్చీ తీసి తలుపు మూసేదాన్ని. మంటనీ పొగనీ ఆపడానికే ఆ తలుపు పెట్టారని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. మర్నాడు కుర్చీ మళ్లీ అక్కడే ఉండేది.

మొన్న మధ్యాహ్నం నిప్పు హెచ్చరిక గంట మోగింది. ఉత్తుత్తి గంటలు మాకు అలవాటే కాబట్టి ఎవరూ కదల్లేదు. నేను లేచి చూస్తే, ఆ పూట ఖాళీగా ఉన్న మీటింగు గదుల వైపు నుంచి, నడవ తలుపు కింది సందులోంచి సన్నగా పొగ వస్తోంది. పిల్లల జ్వరం చూసినట్టు అరచేతి వెనక వైపు ఆనించాను. తలుపు వేడిగా ఉంది.

“లేవండి! అన్నీ అక్కడే వదిలేసి మెట్ల మీదుగా దిగండి!” అన్నాను. లిఫ్టు మీట నొక్కబోతున్న మేనేజరుతో, “చెయ్యి తియ్యండి,” అన్నాను. తీశాడు! ఆ గొంతు నాదేనా అని నాకే ఒళ్లు జలదరించింది. ఇంట్లో గోడకి చెప్పినట్టుండే నా మాటకి అంతస్తంతా వరసకట్టి దిగుతోంది.

“అందరూ దిగిపోయారు, మీరూ రండి!” మేనేజరు మెట్ల మీంచి కేకేశాడు.

అందరూ దిగలేదు. ప్రసవం సెలవు అయిపోయి కొత్తగా తిరిగొచ్చిన అమ్మాయి ఈ వేళకి పాత ఫైళ్ల గదిలో గడియ పెట్టుకుని పాలు పిండుకుంటుంది. అందుకు వేరే చోటు లేదు. మగవాళ్లు నవ్వుతారని మేం ఆడవాళ్లం ఎవరికీ చెప్పలేదు. ఆ గది, వేడెక్కిన నడవ తలుపుకి ఇవతలే, ఆనుకునే ఉంది. వంగి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని వెళ్లి గది తలుపు బాదాను.

“ఈసారి నిజంగానే అంటుకుంది. బయటికి రా!”

“అక్కా, బొత్తాలు పెట్టుకుని...”

“బొత్తాలు తర్వాత!”

పసుపు కోటు ఆమెకి కప్పి, తల వంచి నడిపించుకొచ్చాను, దాటిన తలుపునల్లా మూసుకుంటూ. పాలసీసాని మాత్రం ఆ పిల్ల వదల్లేదు.

మర్నాడు మమ్మల్ని పైకి వెళ్లి చూడనిచ్చారు. నడవ తలుపు అవతలి వైపు బొగ్గయిపోయింది. గోడలు నల్లబడ్డాయి, కుర్చీలు కరిగి నేలకంటుకుపోయాయి. ఇవతలి వైపు, ‘దయచేసి మూసి ఉంచండి’ అని నేను అంటించిన కాగితం అంచు కూడా మాడలేదు. అంత మంటా ఇక్కడే ఆగిపోయిందా! ముందు రోజు పొద్దున కుర్చీ తీసి తలుపు మూసింది ఈ చేతులే. రోజూ చేసే పని, ఎవరి కంటికీ ఆనని పని, ఇంత పెద్దదా! కళ్లనీళ్లు ఆగలేదు. దణ్ణం పెట్టాలనిపించింది, తలుపుకో నా చేతులకో తెలియలేదు.

ఆదివారం చుట్టాలింటికి బయల్దేరాం. “ఇంక మొదలుపెట్టు నీ ప్రదక్షిణ,” అన్నారు ఆయన గుమ్మంలో కారు తాళం ఆడిస్తూ. ఆ తాళం తీసుకుని, ఇంటి తాళం ఆయన చేతిలో పెట్టాను.

“గ్యాసు, కుళాయిలు, కిటికీలు. చూసి రండి.”

ఆ రోజు లిఫ్టు దగ్గర వచ్చిన గొంతే వచ్చింది. ఆయన లోపలికి వెళ్లారు.

నేను కారులో కూర్చున్నాను. చాలాసేపే పట్టింది ఆయనకి. నేను హారన్ మాత్రం కొట్టలేదు. అన్నీ చూసి తాళం పెట్టి రావడం ఎంత పెద్ద పనో నాకు తెలుసు.